కుంటి చూపించాల్సిందట

మా బాబాయికి మొన్న నోటీసు వచ్చింది. పునఃపరిశీలనలో వైకల్యం 40 శాతం లోపే ఉన్నట్టు తేలిందట, అందుచేత దివ్యాంగుల పింఛనుకు అర్హత లేదట. గ్రామ సచివాలయం అబ్బాయి తెచ్చి ఇచ్చి, తల ఎత్తకుండా సంతకం చేయించుకొని వెళ్ళాడు. ప్రతి నెలా ఒకటో తారీఖున తెల్లవారేసరికి మా అరుగు మీద కూర్చుని డబ్బు లెక్కపెట్టి ఇచ్చేదీ ఆ అబ్బాయే.

బాబాయి కొబ్బరి దింపు కార్మికుడు. కాదు, ఒకప్పటి దింపు కార్మికుడు. 2011 వానాకాలంలో పాచి పట్టిన చెట్టు మీద నుంచి జారి పడ్డాడు. కుడి చీలమండ నుజ్జయింది. ఎముక అతుక్కుంది కానీ కీలు బిగుసుకుపోయింది. పాదం పైకీ లేవదు, కిందికీ వంగదు. అప్పట్లో వైకల్యం ఎంతో తేల్చే సదరం శిబిరంలో 45 శాతం అని లెక్క కట్టి, పక్కన ‘శాశ్వతం’ అని రాసి ఇచ్చారు. పిన్ని దానికి లామినేషన్ చేయించి, ఆధార్ కార్డుతో పాటు ట్రంకు పెట్టెలో దాచింది. శాశ్వతం అన్న మాటకు గడువు ఉంటుందని మాకెవరికీ తెలియదు.

2025 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మొదలుపెట్టిన పింఛన్ల తనిఖీల్లో మా వంతు జూలైలో వచ్చింది. మాది లంక గ్రామం. పడవలో రేవు దాటి, ఆటో ఎక్కి, అక్కడి నుంచి రెండు బస్సులు మారి ఆసుపత్రికి చేరేసరికి పది దాటింది. వరండాలో కూర్చోవడానికి బల్లలు చాలలేదు. కాళ్ళు లేనివాళ్ళు నేల మీద, చూపు లేనివాళ్ళు గోడకు ఆనుకుని, వాళ్ళ వెంట వచ్చినవాళ్ళు ఎండలో. మధ్యాహ్నం మూడింటికి పిలిచారు. డాక్టరు పాదాన్ని అటూ ఇటూ వంచి చూసి, కోణం కొలిచే పరికరం పెట్టి, ఏదో రాసుకుని, ‘ఒకసారి నడవండి’ అన్నారు.

ఇక్కడే అసలు సంగతి. బాబాయి ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. పెద్ద డాక్టరు ముందు నడవాలి కదా అని నడుము నిటారుగా నిలిపి, పళ్ళు బిగబట్టి, గది ఈ చివర నుంచి ఆ చివరకు చక్కగా నడిచాడు. పద్నాలుగేళ్ళుగా ఆయన సాధన చేసింది అదే మరి. పెళ్ళిళ్ళకు వెళ్తే ఎవరూ తన కాలి వంక చూడకూడదని, బంధువుల ఎదుట కుంటకూడదని. బయటికి వచ్చాక నేనన్నాను: ‘ఇంకొంచెం కుంటి చూపించాల్సింది బాబాయ్.’ అన్న మరుక్షణం నా మీద నాకే అసహ్యం వేసింది. ఆయన మాత్రం ఏమీ అనలేదు, గోలీసోడా తాగుదామా అని అడిగాడు.

దొంగ సర్టిఫికెట్లు లేవని నేను అనడం లేదు. చెవులు వినపడవని పింఛను తీసుకుంటూ ఫోనులో కోడిపందేల బేరాలు మాట్లాడే పెద్దమనిషి మా పక్క ఊళ్ళోనే ఉన్నాడు. ఆయన్ని పట్టుకోండి, సంతోషం. మనిషి నోరు విప్పకపోయినా వినికిడి ఉందో లేదో తేల్చే బెరా పరీక్ష ఉండనే ఉంది. అయితే ఆ కాగితం మీద సంతకం పెట్టిన చేయి ఒకటి ఉంటుంది, మధ్యలో డబ్బు పుచ్చుకున్న దళారి ఒకడు ఉంటాడు. వాళ్ళ గడప తొక్కిన నోటీసు గురించి మా వైపు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

డాక్టరును కూడా నేను తిట్టను. దివ్యాంగుల హక్కుల 2016 చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, 40 శాతాన్ని గీతగా పెట్టింది. కాలైతే కీలు ఎన్ని డిగ్రీలు కదులుతోంది, కండరం బలం సున్నా నుంచి అయిదు వరకు ఎక్కడుంది, ఇవన్నీ కొలిచి కూడతారు. ఆ లెక్కలో కొబ్బరి చెట్టు లేదు. బల్ల ముందు కూర్చుని పనిచేసే గుమాస్తాకు చీలమండ బిగుసుకుపోతే మెట్లెక్కడం కష్టం, అంతే. చెట్టును పాదాలతో పట్టుకుని పైకి పాకేవాడికి ఆ చీలమండే బతుకుతెరువు. బాబాయి ఇప్పుడు తోటల్లో రాశి దగ్గర కూర్చుని, ఇతరులు దింపిన కాయలు లెక్కపెడతాడు. అదీ పని ఉన్న రోజున.

2024 జూలైలో ఈ పింఛను 3 వేల నుంచి 6 వేలు అయినప్పుడు పిన్ని కిరాణా కొట్టు బాకీ తీర్చి, వీధిలో తల ఎత్తుకుని నడిచింది. అరవై నిండి ఉంటే 4 వేల వృద్ధాప్య పింఛనైనా అడగవచ్చు. బాబాయికి 54. ఇంకా ఆరేళ్ళు ఏం తినాలి?

మంచం పట్టి 15 వేల పింఛను తీసుకునేవారి ఇళ్ళకు డాక్టర్ల బృందాలే వెళ్ళి పరీక్షించాయి. అంటే ఇళ్ళకు దారి తెలుసన్నమాట. నెలనెలా డబ్బు ఇంటికే తెచ్చి ఇవ్వగలిగినప్పుడు, బిగుసుకుపోయిన కాలును చూడటానికి కనీసం మండల కేంద్రం దాకా రాలేరా? శాశ్వతం అని తామే రాసిన కాగితాన్ని కొట్టేసేటప్పుడు, ఆ కాలు ఏ విధంగా బాగుపడిందో ఒక్క వాక్యం రాసి ఇవ్వలేరా?

ఎంపీడీవో కార్యాలయంలో అప్పీలు పెట్టాము. మళ్ళీ పరీక్షకు పిలుస్తారట. గోదావరికి వరద వచ్చి ఉంది, పడవలు ఎప్పుడు తిరుగుతాయో తెలియదు. నిన్న రాత్రి భోజనాల దగ్గర బాబాయి, ఈసారి చేతికర్ర పట్టుకుని వెళ్ళాలా అని అడిగాడు. మా ఇంట్లో చేతికర్ర లేదు. కొననివ్వలేదు ఆయన, ఎన్నడూ.