మణికొండ తువ్వాలు

మా ఇంట్లో తుమ్ముకి శకునం విలువ పోయి చాలా కాలమైంది. గడప దాటబోతుంటే ఎవరైనా ఒంటి తుమ్ము తుమ్మితే, కాసిని మంచినీళ్ళు తాగి కాసేపు కూర్చుని వెళ్ళమనడం మా అమ్మ పద్ధతి. కోడలు వచ్చాక ఆ చట్టం రద్దయింది. మా ఆవిడ ఒంటిగా తుమ్మదు. మొదలుపెడితే వరసే. కొత్తలో అమ్మ ప్రతి తుమ్ముకీ "చిరంజీవ, శతాయుష్షు" అనేది. ఇప్పుడు వరస పూర్తయ్యేదాకా ఆగి, మొత్తానికి కలిపి ఒక్కసారే దీవిస్తోంది.

ఇలాంటి ఇంట్లో మా అమ్మాయికి కుక్క కావాలట.

"ఒబామా కూతురికి కూడా ఎలర్జీ ఉంది నాన్నా. అయినా 2009లో వాళ్ళు కుక్కని తెచ్చుకున్నారు. పోర్చుగీస్ వాటర్ డాగ్. పేరు బో. సెనేటర్ కెనెడీ బహుమతిగా ఇచ్చారు."

"మనకి సెనేటర్లెవరూ చుట్టాలు లేరమ్మా" అంది మా అమ్మ. వైట్ హౌస్ ఊడవడానికి ఎంతమంది ఉంటారో, మన కూకట్‌పల్లి ఫ్లాట్ ఊడవడానికి వచ్చే ఒక్క మనిషి వారంలో ఎన్ని రోజులు మానేస్తుందో నేను చెప్పబోయాను. ఎవరూ వినలేదు. అప్పటికే మా బావమరిది చెప్పులు విప్పుతున్నాడు.

మా బావమరిదికి తెలియని విషయం ఉండదు. కారు కొనాలన్నా, కరివేపాకు మొక్క పెట్టాలన్నా అతని దగ్గర సమాధానం సిద్ధంగా ఉంటుంది. "పూడుల్ తెచ్చుకోండి బావా. దానికుండేది బొచ్చు కాదు, జుట్టు. రాలదు, పెరుగుతూనే ఉంటుంది. అందుకే దాన్ని హైపోఅలర్జెనిక్ అంటారు, అంటే ఎలర్జీ తక్కువ తెప్పించేదని."

"పెరుగుతూ ఉంటే?" అంది అమ్మ.

"నెలకో, నెలన్నరకో ఒకసారి కటింగ్ చేయించాలి అత్తయ్యగారూ."

కటింగ్ ఖరీదు కూడా చెప్పాడు. ఆ డబ్బుతో ఏడాదంతా నా క్షవరం అయిపోతుంది. అమ్మ నా తల వంకా, సీలింగ్ వంకా చూసి ఊరుకుంది. తర్వాత తన పక్షాన జోనంగిని నిలబెట్టింది. మా అమ్మ పుట్టిల్లు కొల్లేరు పక్కనే. అక్కడ బాతుల మందల వెంట తిరిగే కుక్కలవి. ఒంటిమీద బొచ్చు ఉందా లేదా అన్నట్టుంటుంది. సరిగ్గా మొరగవు కూడా, ఏదో రాగం తీస్తాయి. "మన దేశవాళీ ఉండగా ఆ ఉంగరాల జుట్టుది ఎందుకు?" అంది. జోనంగి గోతులు తవ్వుతుందన్న సంగతి బావమరిది గుర్తుచేశాడు. మూడో అంతస్తులో తవ్వడానికి ఉన్నవి అమ్మ మల్లె కుండీలే. జోనంగి ఊసు అక్కడితో ఆగింది.

మధ్యలో డాక్టరు గారి దగ్గరికి వెళ్ళొచ్చాం. మా ఆవిడ ముంజేతి మీద ఒక్కో ఎలర్జీ పదార్థానిదీ ఒక్కో చుక్క వరసగా వేసి, సూదితో చిన్నగా గుచ్చి, పావుగంట కూర్చోబెట్టారు. పడని చోట దద్దురు లేస్తుంది. డస్ట్ మైట్ల దగ్గర, అంటే దుమ్ములో ఉండే కంటికి కనబడని పురుగుల దగ్గర, పెద్దదే లేచింది. కుక్క దగ్గర ఓ మోస్తరుది. వయ్యారిభామ కూడా పడదని తేలింది. కలుపు మొక్క లెండి, మా ఆవిడ నా వైపు అలా చూడనవసరం లేదు.

ఆయన చెప్పిందాని ప్రకారం గొడవ బొచ్చుతో కాదు. కుక్క ఉమ్ములో, ఒంటి పొట్టులో, మూత్రంలో ఉండే ప్రోటీన్లతో. బొచ్చు వాటిని మోసుకొచ్చే కూలీ మాత్రమే. ఆ ప్రోటీన్లు లేని జాతి లేదు. అమెరికాలో పూడుల్ లాంటివి ఉన్న ఇళ్ళలోనూ మామూలు కుక్కలున్న ఇళ్ళలోనూ దుమ్ము తీసి కొలిస్తే పెద్ద తేడా కనిపించలేదట. కొందరికైతే మగకుక్కల్లో మాత్రమే తయారయ్యే ప్రోటీన్ ఒక్కటే పడదు, వాళ్ళు ఆడకుక్కతో హాయిగా ఉండొచ్చు.

"కుక్కల్లోనూ మగాళ్ళతోనే తంటా అన్నమాట" అంది అమ్మ, ఇంటికొచ్చి చెప్పగానే.

జాతి పేరు చూసి కొనకండి, మీరు తెచ్చుకోబోయే కుక్క దగ్గరే కాసేపు గడిపి చూడండి అని డాక్టరు గారి సలహా. తేలికైన పని. మా బావమరిదికి తేలికైన పనులు నచ్చవు.

అతను ఫోన్ తీసి లాబ్రడూడుల్ పుట్టుక చదివి వినిపించాడు. ఆస్ట్రేలియాలో అంధులకు దారి చూపే కుక్కల్ని తయారుచేసే సంస్థలో వాలీ కాన్రాన్ అనే ఆయన ఉండేవాడు. హవాయిలో ఒక అంధురాలికి కుక్క కావాలి, ఆమె భర్తకి ఎలర్జీ. పూడుల్స్‌తో ప్రయత్నిస్తే ఒక్కటీ ఆ పనికి పనికిరాలేదు. చివరికి లాబ్రడార్‌నీ పూడుల్‌నీ కలిపితే మూడు పిల్లలు పుట్టాయి. వాటి వెంట్రుకలూ ఉమ్మూ హవాయి పంపిస్తే, మూడింటిలో ఒక్కటే ఆయనకి పడింది. ఒకే ఈతలో పుట్టిన అన్నదమ్ముల్లోనే ఇంత తేడా ఉంటే జాతిని ఏం నమ్ముతాం? ఆ కాన్రానే తర్వాత ఎందుకు చేశానురా ఈ పని అని బాధపడ్డాడు. మా బావమరిది బుర్రకెక్కింది మాత్రం పార్సిల్ సంగతి ఒక్కటే.

"ఆస్ట్రేలియా నుంచి హవాయికి ఉమ్ము వెళ్ళగా లేంది, మణికొండ నుంచి కూకట్‌పల్లికి రాదా బావా?"

మణికొండలో అతని స్నేహితుడి ఇంట్లో ఓ టాయ్ పూడుల్ ఉంది. దానికి స్నానం చేయించి, ఎర్రగళ్ళ కొత్త తువ్వాలుతో తుడిచి, ఆ తువ్వాలుని దానిచేత శుభ్రంగా నాకించి కూడా, జిప్ కవర్లో పెట్టి శనివారం రాత్రి తెచ్చాడు. ఆదివారం పొద్దున్నే ప్రయోగం. మా ఆవిడ అందుకోసం తన ఎలర్జీ మాత్ర సెట్రిజిన్ మానేసింది కూడా. కవరు వాషింగ్ మెషీన్ మీద పెట్టి, ఎవరూ ముట్టుకోవద్దని పెద్దల సమక్షంలోనే చెప్పాడు. అమ్మ అప్పుడు సీరియల్ చూస్తోంది.

తెల్లారేసరికి భీమవరం నుంచి మా బాబాయ్ దిగాడు, కూతురి శుభలేఖతో. ఆయన ఇంకొకరి తువ్వాలు ముట్టుకోడు. ఎక్కడికెళ్ళినా తనది తనకుండాల్సిందే. ఆ రోజు అది రైల్లో మరిచిపోయాడు. స్నానాల గదిలోంచి కేకేస్తే, అమ్మ వెతికి వెతికి, కవర్లోంచి కూడా తియ్యని కొత్త తువ్వాలు కనబడిందని సంతోషంగా అందించింది.

మేం లేచి వచ్చేసరికి ఆయన తువ్వాలు భుజాన వేసుకుని, విభూతి రేఖలు దిద్దుకుని ఇడ్లీ ముందు కూర్చున్నాడు. మా బాబాయ్‌ది నున్నటి తల. పెళ్ళినాటి ఫొటోలో కూడా అంతే. ఆ తల మీద, సరిగ్గా నడినెత్తిన, నేరేడు గింజంత చుట్ట చుట్టుకుని ఒక బంగారు రంగు ఉంగరాల వెంట్రుక నిలబడి ఉంది. ఫ్యాను గాలికి ఊగుతోంది కానీ పడటం లేదు.

మా అమ్మాయి నోరు తెరిచింది. ఇడ్లీ ముక్క కుక్కాను.

బావమరిది మాత్రం చెక్కు చెదరలేదు. "అక్కా, బాబాయ్ గారి పక్కన కూర్చో" అని ఫోన్లో టైమర్ నొక్కాడు. మా ఆవిడ కూర్చుంది. అందరం ఆవిడ ముక్కు వైపే చూస్తున్నాం. బాబాయ్ తన వియ్యంకుడి గొప్పలు చెబుతున్నాడు. ఎవరూ దగ్గను కూడా దగ్గకపోయేసరికి, ఈ ఇంట్లో తనకి ఇంత గౌరవం ఉందని ఇన్నాళ్ళూ తెలియలేదన్నట్టు మరో ఇడ్లీ వేయించుకున్నాడు. ఐదు నిమిషాలు. పది. ముక్కు కదల్లేదు. బావమరిది నాకు బొటనవేలు చూపించాడు.

"వదినా, కాఫీ ఓ గుక్క ఎక్కువే ఇయ్యి" అంటూ బాబాయ్ మొలలోంచి ముక్కుపొడుం డబ్బీ తీశాడు. చిటికెడు తీసి, ఎడమ ముక్కు, కుడి ముక్కు సేవించి, మిగిలింది మా ఆవిడ వైపు దులిపాడు.

ఆవిడ తుమ్మింది. నేనూ తుమ్మాను. అమ్మాయి తుమ్మింది. ముక్కుపొడుం ఎలర్జీ కాదు, ఎవరికైనా తుమ్మొస్తుంది, లెక్కలోకి రాదని బావమరిది గోల. ఆ కుక్క తువ్వాలే చేసిందని అమ్మ తీర్పు, అదీ వంటింట్లో, గుసగుసగా, బాబాయ్‌కి వినబడకుండా. మా ఆవిడ ఇద్దరినీ పట్టించుకోకుండా వెళ్ళి సెట్రిజిన్ వేసుకుంది.

ఇప్పుడు తల్లీకూతుళ్ళు సెలవు దొరికితే మణికొండ వెళ్ళి ఆ కుక్క పక్కనే కూర్చుని వస్తున్నారు, డాక్టరు గారు మొదట చెప్పినట్టే.

బాబాయ్ మాత్రం ఊరెళ్ళగానే ఫోన్ చేశాడు. "మీ ఇంటి తువ్వాలు ఏం వాసనరా! ఒళ్ళంతా హాయిగా ఉంది. ఏం సబ్బు వాడుతున్నారు?" నేను నీళ్ళు నములుతుంటే బావమరిది ఫోన్ లాక్కుని, సబ్బు కాదండీ, షాంపూ, కొరియర్ చేస్తానన్నాడు. లేబుల్ చింపి పంపరా నాయనా అంటే, అది మోసం కింద వస్తుందన్నాడు.

నిన్న మళ్ళీ ఫోన్.

"అందిందిరా. బాగానే ఉంది, తల చల్లగా ఉంటోంది. ఇంగ్లీషులో ఏదో రాసుంటే మీ చెల్లెలితో చదివించాను. అదేంట్రా, తోక మొదట్లో బాగా రుద్దమంటాడు?"