పార్కు స్థలానికీ బేరమేనా?

కర్నూలు శివారు కాలనీ ఒకదానిలో పార్కు కోసం వదిలిన స్థలంలో రాత్రికి రాత్రి బేతంచెర్ల బండలు పాతేశారు. కాలనీవాళ్లు తలా కొంత వేసుకుని నాటిన వేప, కానుగ మొక్కలను జేసీబీ ఓ మూలకు తోసేసింది. పిల్లలు షటిల్ ఆడుకునే నెట్టు తెగి ఆ మట్టిలోనే కూరుకుపోయింది. ఇదేమిటని అడిగితే రిజిస్ట్రేషన్ కాగితాలు చూపించారు. కబ్జాలు ఈ ఊరికి కొత్త కాదు. మమ్మల్ని కలవరపెట్టింది ఆ తర్వాత మున్సిపల్ ఆఫీసులో వినబడిన మాట. కొన్నవాళ్లను దరఖాస్తు పెట్టుకోమన్నారట, క్రమబద్ధీకరణకు వీలుంటుందేమో చూస్తారట.

ఏం చూస్తారు? లేఅవుట్‌కు అనుమతి కావాలంటే మొత్తం విస్తీర్ణంలో 10 శాతం ఖాళీ స్థలం వదలాలి. రోడ్లతో పాటు దాన్ని కూడా స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ రాసివ్వాలి. అలా రాసిచ్చాక అది వెంచర్ వేసినవాడిది కాదు, అతని వారసులదీ కాదు. అమ్మే హక్కు లేనివాడి దగ్గర కొన్న కాగితానికి విలువెక్కడిది? పైగా ఆ ఖాళీ స్థలం ధర ఏనాడో ప్లాటు రేటులో కలిపి వసూలు చేశారు. 'పార్కు ఫేసింగ్' అంటూ సెంటుకు ఇంత అని ఎక్కువ కూడా తీసుకున్నారు. ఒకసారి డబ్బు కట్టినవాళ్ల స్థలాన్నే ఇప్పుడు రెండోసారి అమ్ముకున్నారు.

కొన్నవాళ్లూ మధ్యతరగతివాళ్లేనని, అప్పు చేసి కొన్నారని కొందరంటున్నారు. వారి బాధ నిజమే. వారు నిలదీయాల్సింది అమ్మినవాడిని. వారి నష్టాన్ని పూడ్చాల్సింది ఆ వీధిలోని పిల్లలు కాదు.

ఊరి నడుమ ఇరుకు సందులు వదిలి జనం శివారుకు ఎందుకు వస్తున్నారు? 2009 అక్టోబరు వరదలో తుంగభద్ర, హంద్రీ ఇళ్లను ముంచెత్తడం చూసినవాళ్లు కాస్త ఎత్తు వెతుక్కున్నారు. మిగతావాళ్లకు కావాల్సిందల్లా పిల్లలు భయం లేకుండా సైకిల్ తొక్కుకునే చోటు, సాయంత్రం అమ్మానాన్నలు నాలుగడుగులు నడిచే చోటు. మే నెల ఎండలకు ఇక్కడ ఆరు దాటాక గానీ ఎవరూ బయటికి రాలేరు. ఆ గంటన్నరకైనా కాలనీలో చోటు లేకపోతే పిల్లలు రోడ్డు మీదే క్రికెట్ ఆడాలి. నీళ్ల ట్యాంకరో గూడ్స్ ఆటోనో వచ్చిన ప్రతిసారీ బ్యాట్ వదిలి పక్కకు ఉరకాలి. ఇప్పుడు చాలా కాలనీల్లో జరుగుతున్నది అదే. ముసలివాళ్లయితే గేటు దాటడమే మానేశారు. కుటుంబాలు హాయిగా బతికే కాలనీ అని బోర్డు పెట్టి అమ్మినచోట మిగిలింది గోడలు, గేట్లు, వాటి ముందు ఆపిన కార్లు.

ఈ ఒక్క స్థలాన్ని వదిలేస్తే ఏమవుతుందో ఊహించనక్కర్లేదు, జరిగిందే చూడొచ్చు. 2007 డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రంలో క్రమబద్ధీకరణ జీవోలు వచ్చాయి. అదే ఆఖరి అవకాశమన్నారు. 2020లో మరో ఎల్‌ఆర్‌ఎస్ (లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం), 2025లో ఇంకొకటి వచ్చాయి. ఖాళీ స్థలం వదలకపోయినా ప్లాటు విలువలో ఇంత శాతమని కట్టి బయటపడే దారి చూపించారు. ఆగితే చాలు, ఎప్పుడో ఒకప్పుడు సర్కారు దిగివస్తుందన్న ధీమా తప్పు చేసేవాడికి అలా వచ్చిందే. అయినా ఆమోదం పొందిన లేఅవుట్‌లో ఖాళీ స్థలంగా చూపిన చోటుకు ఈ పథకాలు వర్తించవు. ఇప్పుడు ఆ ఒక్క గడప కూడా దాటితే కల్లూరు వైపు, నంద్యాల చెక్‌పోస్టు వైపు, బళ్లారి చౌరస్తా దాటాక ఉన్న ప్రతి కాలనీ పార్కు స్థలం మీదా రేపు బండలు లేస్తాయి. అక్కడ ఒప్పుకున్నారు, ఇక్కడెందుకు కాదంటారని అడుగుతారు. అప్పుడు అధికారుల దగ్గర జవాబుండదు. ఆ తర్వాత అనంతపురంలో అడుగుతారు, కడపలో అడుగుతారు.

బెంగళూరులో పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ఓ నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే స్థానికులు కోర్టుకెక్కారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదంది. ఆసుపత్రికే ఇవ్వకూడని స్థలాన్ని ప్రైవేటు ఇంటికి ఎలా ఇస్తారు? అక్రమ కట్టడం ఎన్నేళ్లుగా ఉన్నా, దాని మీద ఎంత ఖర్చుపెట్టినా సక్రమం కాదని 2024 డిసెంబరులో అదే కోర్టు తేల్చి చెప్పింది. టౌన్ ప్లానింగ్ విభాగానికి ఇవన్నీ తెలియవా?

తెలుసు. పర్యావరణ దినోత్సవమంటూ జూన్ 5న మొక్కలు పట్టుకుని ఫొటోలు దిగేదీ ఈ యంత్రాంగమే. గిఫ్ట్ డీడ్ చేతికొచ్చినా కంచె వేయించలేదు. ఆ స్థలాలను రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఎ నిషేధిత జాబితాలో పెట్టించి రిజిస్ట్రేషన్లు ఆపించలేదు. ఆ పని అప్పుడే చేసి ఉంటే ఇవాళ అమ్మకమూ లేదు, కొని మోసపోయినవాళ్లూ లేరు. ఇంటి ముందు రెండడుగుల అరుగు కట్టుకుంటే నోటీసు పట్టుకుని పరుగెత్తుకొచ్చే సిబ్బందికి సెంట్ల కొద్దీ పార్కు మాయమవుతుంటే కనిపించకపోవడం చేతకానితనం కాదు, కుమ్మక్కు. దరఖాస్తు పెట్టుకోమన్న సలహా ఎవరిచ్చారో, ఎందుకిచ్చారో కమిషనర్ తేల్చాలి. బండలు తీయించాలి, కంచె వేయించాలి. ప్రతి వార్డులో గిఫ్ట్ డీడ్ అయిన స్థలాల జాబితాను సచివాలయం గోడ మీద అంటించాలి.

ఇక ఆ వార్డు ప్రజాప్రతినిధులు. ఓట్లకొచ్చినప్పుడు అదే స్థలంలో షామియానా వేసి పార్కు కట్టిస్తామని మాటిచ్చినవాళ్లు ఇవాళ ఫోన్లు ఎత్తడం లేదు. కాలనీవాళ్లు ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటే ఇళ్లలో కూర్చోవడానికి సిగ్గనిపించడం లేదా?