నక్క ఎత్తుకెళ్ళిన పద్నాలుగు కోళ్ళ విషయమై

మా అమ్మాయి ఫోనులో కాపురముంటున్న కెమిస్ట్రీ పొలం ఆట గారికి, తెనాలి దగ్గర ఒక పల్లెటూరి రైతు రాయునది.

ఉభయకుశలోపరి. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ నీ ఆవు, నీ పంది, టోపీ పెట్టుకున్న నీ దిష్టిబొమ్మ క్షేమమని తలుస్తాను. క్షేమంగా ఉండక వాటికేం రోగం? నీ పొలానికి తుఫాను రాదు, కాలవ కట్టేయరు, కౌలు కట్టక్కర్లేదు. గారూ అని మొదలుపెట్టాను కదా అని ఉత్తరమంతా అదే మర్యాద సాగుతుందనుకోకు. నీకూ నాకూ మధ్య లెక్కలున్నాయి.

నువ్వు మా ఇంట్లో అడుగుపెట్టి నెలన్నర. పదో తరగతి పరీక్షలకి రివిజన్ బాగా అవుతుందని బళ్ళో సారు చెప్పారట. జవాబు సరిగ్గా కొడితే విత్తనం. అయిదు కొడితే మొక్క. పది కొడితే కోడి. తప్పు కొడితే చెట్టు చాటు నుంచి నక్క వచ్చి ఒక కోడిని నోట కరుచుకుపోతుంది. పోతూ పోతూ మన వైపు తిరిగి కన్ను కొడుతుంది. ఆ కన్ను కొట్టడం దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు నీ పొలం సంగతి. పొలమని పేరు పెట్టుకున్నావు కాబట్టి రైతు కళ్ళతోనే చూశాను. ఎర్ర రంగు కొట్టిన పెద్ద చెక్క కొట్టం, దాని పక్కన ఇనప గాదె, నాలుగు గుమ్మడికాయలు, వెనకాల గోధుమ చేను. ఇది మా తాలూకా కాదు. అమెరికా పొలం. పోనీలే, బొమ్మ గీసినవాడికి తెలిసిన పొలం అదే అనుకుందాం. కానీ గట్టు ఏది? బోదె ఏది? ఆవు ఉంది గానీ, నెలన్నరగా కనిపెట్టి చూస్తున్నాను, ఒక్కసారి పేడ వేయలేదు, ఉచ్చ పోయలేదు. పాలు మాత్రం నేరుగా సీసాలో, మూతతో సహా దిగుతాయి. 1828లో జర్మనీ శాస్త్రవేత్త వోలర్ ప్రయోగశాలలో యూరియా తయారు చేసి, మూత్రపిండం అవసరం లేకుండానే చేశానని తన గురువు బెర్జీలియస్‌కి సంబరంగా ఉత్తరం రాశాడట. ఆయన అంత పేరు తెచ్చుకున్న ఆ పని మా గేదె పొద్దున్నే నిద్ర లేస్తూ చేస్తుంది. నీ ఆవుకి ఆ మాత్రం మూత్రపిండమైనా పెట్టలేకపోయావు.

ఇక కోళ్ళు.

ఒక రాత్రి అమ్మాయి పడుకున్నాక ఫోను తీశాను. ఆడదామని కాదు, చూద్దామని. సరే, ఆడదామనే. నేనూ ఇంటర్ బైపీసీ, రెండో దెబ్బకి గట్టెక్కినవాణ్ణి. నీళ్ళ సూత్రం అడిగావు, చెప్పాను. ఉప్పు అడిగావు, సోడియం క్లోరైడ్ అన్నాను. సున్నపుతేటలోకి గాలి ఊదితే పాలలా ఎందుకవుతుందన్నావు, దానికీ చెప్పాను. ఊపు మీద ఉన్నాను. అప్పుడు బోనస్ ప్రశ్న పెట్టావు: నెగ్గితే ట్రాక్టరు, తప్పితే గూడు మొత్తం ఖాళీ. గూట్లో పద్నాలుగు కోళ్ళున్నాయి. ప్రశ్న ఏమిటంటే, పొటాషియం గుర్తు ఏది?

నవ్వొచ్చింది. ఇరవై రెండేళ్ళ నుంచి పొటాష్ ఎరువు చల్లుతున్న చేయి ఇది. పి కొట్టాను.

నక్క ఒక్కటి రాలేదు, చుట్టాలతో వచ్చింది. పద్నాలుగూ పోయాయి. చివరి నక్క గూటి గుమ్మంలో నిలబడి కన్ను కొట్టింది. పి అంటే ఫాస్ఫరస్ అట. పొటాషియానికి కె అట. ఎరువు కట్ట మీద ఎన్, పి, కె అని అరచేయంత అక్షరాలుంటాయి కదా. ఎన్ అంటే నత్రజని అని తెలుసు, పి అంటే పొటాష్ అనుకున్నాను. కె అంటే కంపెనీవాడి ఇంటిపేరేదో అయ్యుంటుందని ఇన్నాళ్ళూ దాని జోలికి పోలేదు.

తెల్లారగానే వసారాలోంచి కేక.

"నాన్నా, నా కోళ్ళేవి?"

"ఏ కోళ్ళమ్మా?"

"పద్నాలుగు ఉండాలి. పొటాషియం ప్రశ్న దగ్గర ఎవరో పి కొట్టారు."

"చార్జింగు లేదేమో చూడు" అన్నాను. మా ఆవిడ పొయ్యి దగ్గర నుంచే నవ్వింది. ఇంట్లో నా పరువు ఆ రోజు అంతటితో సరి.

ఆ తర్వాత అమ్మాయే చెప్పింది. కె అంటే కేలియం, లాటిన్ పేరు. దాని మూలం అరబ్బీలో మొక్కల బూడిదకున్న మాట. పొటాష్ కూడా ఇంగ్లీషులో కుండ, బూడిద కలిసి పుట్టిన మాటేనట. కట్టెల బూడిదని నీళ్ళలో కలిపి, ఆ తేటని కుండల్లో మరిగించి తీసేవాళ్ళు కాబట్టి. మా అమ్మ పొయ్యిలో బూడిద తెచ్చి పొట్ల పాదులో పోసేది. మేము అది పురుగు పట్టకుండా అనుకునేవాళ్ళం. మూలకాలకి ఇలా అక్షరాల గుర్తులు పెట్టే పద్ధతి తెచ్చింది ఇందాక చెప్పిన బెర్జీలియసే. నా కోళ్ళ ఉసురు నీకు సగం, ఆయనకి సగం.

అయినా న్యాయంగా మాట్లాడాలి. అణువుల బరువులు లెక్కకట్టే నీ మోల్ పాఠంలో ఒక ప్రశ్న ఉంది: 60 గ్రాముల యూరియాలో నత్రజని ఎంత? అమ్మాయి వేళ్ళ మీద లెక్క కట్టింది. కార్బన్ 12, ఆక్సిజన్ 16, నత్రజని రెండు పద్నాలుగులు 28, హైడ్రోజన్ 4. మొత్తం 60. అందులో నత్రజని 28. జవాబు కొట్టింది, విత్తనం తీసుకుంది, తర్వాతి ప్రశ్నకి పోబోయింది. నేను ఆపాను. ఆ 28ని 60తో భాగించి శాతం చెప్పమన్నాను. నలభై ఆరు పాయింట్ ఆరు అంది. వసారాలో ఉన్న యూరియా కట్ట చూపించి, దాని మీదేముందో చదవమన్నాను. నత్రజని 46 శాతం అని ఉంది. కాసేపు కట్ట వైపే చూసింది. ఆ కట్ట మీద కూర్చుని మూడేళ్ళుగా హోంవర్కు చేస్తోంది.

ఆ ఒక్క ప్రశ్నకి నీకు దణ్ణం పెడతాను. ఆ తర్వాత జరిగిందానికి మాత్రం నీకు ఒక్క విత్తనం కూడా దక్కదు, ఎందుకంటే ఆ ప్రశ్న నీ దగ్గర లేదు. యూరియా లెక్క కుదిరిందన్న హుషారులో పక్కనున్న పొటాష్ కట్ట మీద పడింది. పొటాషియం క్లోరైడ్. పొటాషియం 39కి క్లోరిన్ 35.5 కలిపితే 74.5. అందులో పొటాషియం వాటా 52 శాతం. కట్ట మీద 60 అని ఉంది.

"నాన్నా, నిన్ను మోసం చేశారు. ఎంత స్వచ్ఛమైనదైనా యాభై రెండు దాటదు. అరవై ఎలా వస్తుంది?"

నాకు రక్తం మరిగింది. బండి తాళం కూడా తీశాను, కొట్టుకి పోయి తేల్చుకుందామని. ఈలోగా అమ్మాయి కట్ట మీద చిన్న అక్షరాలు కూడబలుక్కుని చదివింది. ఆ అరవై పొటాషియం లెక్క కాదు, పొటాషియం ఆక్సైడ్ లెక్క. కట్ట విప్పి గింజ గింజ వెతికినా పొటాషియం ఆక్సైడ్ ఒక్క పలుకు దొరకదు. వెనకటి రసాయనవేత్తలు ఏ మూలకాన్నైనా ఆక్సైడ్ రూపంలోకి మార్చి లెక్క చెప్పేవాళ్ళట. కాలం మారింది, లెక్క మారలేదు. డీఏపీ ఎరువు కట్ట మీద 18-46 ఉంటుంది చూడు, ఆ 46 కూడా అంతే, ఫాస్ఫరస్ ఆక్సైడ్ లెక్క. ఇరవై రెండేళ్ళుగా నేను కట్టలో లేని సరుకు పేరు చదివి డబ్బు కడుతున్నానన్నమాట! అమ్మాయి మళ్ళీ లెక్క కట్టి, 60 శాతం ఆక్సైడ్ అంటే 50 శాతం పొటాషియం, కాబట్టి సరుకు మంచిదే, బండి లోపల పెట్టు నాన్నా అంది.

చెప్పు, ఇంతకంటే మంచి ప్రశ్న నీ గుమ్మడికాయల్లో ఎక్కడైనా ఉందా? నా ఫిర్యాదు అదే. పొలాన్ని గోడకి అంటించే బొమ్మలా పెట్టుకుని ప్రశ్నలన్నీ ఇంకెక్కడి నుంచో తెస్తావు. నీ కొట్టానికి కొట్టిన ఎరుపు ఏమిటో ఒక్కసారైనా అడిగావా? అక్కడి పాతకాలపు రైతులు అవిసె నూనెలో ఐరన్ ఆక్సైడ్ కలిపి పూసిన రంగు అది, అంటే తుప్పు. మా ఎర్ర పొటాష్‌కి ఆ ఎరుపు వచ్చింది కూడా ఆ తుప్పు వల్లే. నీ కొట్టం, నా కట్ట వరసకి అన్నదమ్ములు. ఆ సంగతి నీకే తెలియదు.

ఇక ఎరువు విషయంలో నీ ధైర్యం చూస్తే కళ్ళు తిరుగుతాయి. అయిదు నాణేలు నొక్కితే ఆకాశం నుంచి కట్ట పడుతుంది. మా దగ్గర 45 కిలోల యూరియా కట్ట ధర 266 రూపాయల 50 పైసలు, అది మాత్రం నిజంగా చవకే, కాదనను. కానీ దాని కోసం కోడి కూయకముందే పోయి, వరసలో చెప్పులు పెట్టి, చెట్టు కింద కూర్చోవాలి. నీ ఆటలో చెప్పులు పెట్టే ప్రశ్న ఒకటి చేర్చు. ఎవడు నెగ్గుతాడో నేనూ చూస్తాను.

కత్తి సంగతి కూడా చెప్పాలి. మాకు ఎకరంన్నర నిమ్మతోట ఉంది. గజ్జి తెగులుకి బోర్డో మిశ్రమం కొడతాం. వంద లీటర్ల నీళ్ళకి కిలో మైలుతుత్తం, అంటే కాపర్ సల్ఫేట్, కిలో సున్నం. రెండూ వేరువేరుగా ప్లాస్టిక్ డ్రమ్ముల్లో కలపాలి, ఇనప పాత్ర పనికిరాదు. ఫ్రాన్సులో బోర్డో ప్రాంతంలో దారి పక్క ద్రాక్షలు దారినపోయేవాళ్ళు కోసుకు తినకుండా, చూడగానే అసహ్యం పుట్టేలా ఈ నీలం ద్రవం చల్లేవాళ్ళట. ఆ తీగలకి బూజు తెగులు పట్టలేదని మిలార్డే అనే ప్రొఫెసర్ గమనించి, 1885లో దాన్ని మందుగా లోకానికి చెప్పాడు. దొంగల కోసం పెట్టిన వల్లో తెగులు పడింది.

ఆ మిశ్రమం కుదిరిందో లేదో చూడ్డానికి మేము చేసే పరీక్ష ఒకటుంది. సాన పెట్టిన కత్తి మొన అందులో ఒక నిమిషం ముంచి తీస్తాం. మొన ఎర్రబారితే రాగి ఇంకా మిగిలి ఉందని, ఆకులు మాడతాయని అర్థం. ఇంకాస్త సున్నం పడాలి. మొన్న ఆదివారం కత్తి ముంచి, సున్నం డబ్బా తెమ్మని అమ్మాయిని కేకేశాను. గట్టు మీద కూర్చుని ఫోను చూస్తోంది.

"ఉండు నాన్నా, మేకు ప్రశ్న వచ్చింది."

కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనప మేకు ముంచితే ఏమవుతుందన్నది ఆ ప్రశ్న. ఇటు నా చేతిలో కత్తి మొన రాగి రంగుకి తిరిగింది. అటు ఆమె స్థానభ్రంశ చర్య, అంటే ఇనుము రాగిని బయటికి నెట్టడం, అని కొట్టి మూడు గుమ్మడికాయలు గెలుచుకుంది. మధ్యలో నాలుగు బారల దూరం. సున్నం నేనే పోయి తెచ్చుకున్నాను. తల ఎత్తలేదని అమ్మాయినేం తిట్టలేదు. తిట్టాల్సింది నిన్ను కదా, ఇదిగో తిడుతున్నాను.

చివరగా మా అమ్మ తరఫున ఒక మాట. సబ్బు నీళ్ళు తగిలితే పసుపు ఏ రంగుకి మారుతుందని నువ్వు అడిగితే, మంచం మీద పడుకున్న మా అమ్మ కళ్ళు మూసుకునే ఎరుపు అంది. నీకెలా తెలుసు నాయనమ్మా అంటే, "నువ్వు పుట్టినప్పుడు దిష్టి తీసిన ఎర్రనీళ్ళు మరి దేంతో చేశాననుకున్నావే? పసుపు, సున్నం. పెళ్ళికూతురికి పెట్టే పారాణీ అదే. అందులో నిమ్మకాయ పిండి చూడు, మళ్ళీ పసుపై కూర్చుంటుంది" అంది. క్షారం, సూచిక, తటస్థీకరణ, అన్నీ పడుకునే చెప్పేసింది. జవాబు ఒప్పుకున్నావు, బాగానే ఉంది. కానీ ఆ వెంటనే నీ పంది తెరంతా నిండిపోయి, రెండు కాళ్ళ మీద లేచి, చప్పట్లు కొట్టింది. డెబ్భై ఆరేళ్ళ మనిషికి పంది చేత చప్పట్లేమిటి? ఆవిడ ఆ పూట కాఫీ కూడా ముట్టలేదు. ఆ పందిని తీసెయ్యి, లేదా కనీసం నమస్కారం పెట్టించు.

ఇట్లు,
నీ పొలంలో ఒకే రాత్రి దివాలా తీసిన రైతు

తా.క.: నిన్న రాత్రి మళ్ళీ ఆడాను. పొటాషియం ప్రశ్న రాలేదు. సోడియం గుర్తు అడిగావు. ఎస్ఓ కొట్టబోయి, నక్క ముఖం గుర్తొచ్చి, అమ్మాయిని నిద్రలేపి అడిగాను. ఎన్ఏ అట. ట్రాక్టరు వచ్చింది. అది వెనక్కి తీసుకుని కోళ్ళు ఇప్పించు, పొద్దున్న లెక్క అడుగుతుంది.