ముక్కలు తెలిసినంత మాత్రాన ఉచ్చారణ రాదు
పొడవైన ఇంగ్లీషు పదాన్ని ఉపసర్గ (ముందు చేరే ముక్క), ధాతువు (మూలం), ప్రత్యయాలుగా (చివర చేరే ముక్కలు) విడదీసి ఒక్కో ముక్కనూ పలికితే ఉచ్చారణ దానంతటదే కుదురుతుందని ఒక వ్యాసంలో అన్నారు. అర్థం పట్టుకోవడానికి ఈ పద్ధతి మేలైనదే కాని, ఉచ్చారణ విషయంలో దీనితో ఏకీభవించలేను. అర్థభాగాల హద్దులూ సిలబుల్ (ఒక్క ఊపులో పలికే పదభాగం) హద్దులూ ఒకేచోట పడాలన్న నియమం లేదు. హెలికాప్టర్ అనే మాట మెలికకూ రెక్కకూ ఉన్న గ్రీకు పదాల నుంచి పుట్టింది కనుక అర్థాన్ని బట్టి 'హెలికో', 'ప్టర్' అని విడిపోవాలి. నోట పలికేటప్పుడు మాత్రం హె-లి-కాప్-టర్ అని నాలుగు సిలబుల్స్ అవుతాయి. ఊనిక, అంటే పదంలో ఒక సిలబుల్‌ను మిగతావాటికంటే నొక్కి పలకడం, దాని సంగతి ఇంతకంటే చిక్కు. 'రెస్పాన్సిబుల్'లో 'పాన్' మీద పడే ఊనికను నేను చాలాకాలం 'రెస్పాన్సిబిలిటీ'లోనూ అక్కడే ఉంచి పలికేవాణ్ణి, ఎదుటివారేమో మళ్లీ చెప్పమనేవారు. 'ఇటీ' చేరగానే ఊనిక దానికి ముందున్న 'బిల్' మీదికి జరుగుతుందని, బల్లమీద వేలితో తట్టుకుంటూ ఆ పదంలోని ఆరు సిలబుల్స్‌నూ లెక్కపెట్టినప్పుడు గాని నాకు బోధపడలేదు. అలాగే ఫోటోగ్రాఫ్‌లో మొదటి సిలబుల్ మీదున్న ఊనిక ఫొటాగ్రఫీలో రెండోదానికి, ఫోటోగ్రాఫిక్‌లో మూడోదానికి పోతుంది, ఊనిక తప్పిన చోట అచ్చు సాధారణంగా సన్నగిల్లి స్పష్టత కోల్పోతుంది. తెలుగులో ప్రతి అచ్చునూ నిండుగా పలకడం మనకు అలవాటు కనుక ఈ తేడా చెవికి తొందరగా అందదు. అందుకే నేర్పేవారు ముందు ఊనిక పడే సిలబుల్‌ను గుర్తుపట్టించి, ఆ తర్వాతే ముక్కల అర్థం చెప్పాలని నా గట్టి అభిప్రాయం.