నిరుటి కటాఫ్ గారికి నమస్కరించి వ్రాయునది

మహారాజశ్రీ నిరుటి చివరి ర్యాంకు గారికి,

నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమంగా లేము. మీరు క్షేమమేనని తెలుసు. నిరుడు ఏ కాలేజీలో ఏ ర్యాంకు దగ్గర సీట్లు ఆగాయో చెప్పే పీడీఎఫ్‌లో కాపురం ఉండేవాళ్లకు ఎండేమిటి, వానేమిటి! నిన్న సాయంత్రం ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్ మొదటి విడత సీట్లు కేటాయించారు. మేము వరుసగా పెట్టుకున్న కాలేజీల్లో మా అమ్మాయికి పద్దెనిమిదో ఆప్షన్ వచ్చింది. మీకు ఈ కబురు అంది ఉండదు. మీరు నిరుడే ఆగిపోయారు కదా.

మే నెలలో ర్యాంకు వచ్చిన రోజు నుంచి నేను మీ సేవలోనే ఉన్నాను. లాంగ్ నోట్‌బుక్ కొని, స్కేలు పెట్టి గీతలు గీసి, కాలేజీ కోడ్‌కు ఒక గడి, బ్రాంచికి ఒక గడి, ఆ పక్కన పెద్దపీట వేసి మీకొక గడి. మా ర్యాంకుకు మీరు అందుబాటులో ఉంటే ఆకుపచ్చ సిరా, వెయ్యి లోపు తేడాలో ఉంటే నీలం, అంతకు మించితే ఎరుపు. నా పదో తరగతి పరీక్షలకు కూడా ఇంత శ్రద్ధగా కూర్చోలేదు. మా అమ్మాయి వచ్చి భుజం మీదుగా తొంగి చూసి, "అమ్మా, కాలేజీకి వెళ్లేది నువ్వా, నేనా?" అంది. "నువ్వే. అందుకే నేను రాస్తున్నాను" అన్నాను. ఆ రోజున అది తెలివైన జవాబులాగే అనిపించింది.

మీ దర్శనం అంత తేలిక కాదు. ఫోనులో రెండు వేళ్లతో పెద్దది చేస్తే కాలేజీ పేరు అంచు దాటి పోతుంది. పేరు కనిపించేలా జరిపితే మీరు పోతారు. పైన ఓసీ బాయ్స్, ఓసీ గర్ల్స్, బీసీ-ఎ బాయ్స్ అని తలకట్టు ఉంటుంది. మూడో పేజీకి వచ్చేసరికి ఏ తల ఏ మొండేనిదో గుర్తుండదు. ఒక రాత్రి పదకొండున్నరకు వేరే కేటగిరీ బాయ్స్ గడిని మాది అనుకుని పావుగంట సంతోషించాను. ఆయన్ను నిద్ర లేపి మరీ చెప్పాను. తప్పు తెలిసేసరికి ఆయన మళ్లీ నిద్రపోయారు. పొద్దున్నే లేచి "ఆ కాలేజీకి బస్సు ఉందా?" అని అడిగారు.

పైగా మీరు ఒక్కరా? మొదటి విడత మీరు వేరు, చివరి విడత మీరు వేరు. ఐఐటీలూ ఎన్ఐటీలూ వచ్చినవాళ్లు సీట్లు వదిలి వెళ్లాక మీరు ఎక్కడికో జారిపోయి ఉంటారు. వాట్సాప్‌లో మిమ్మల్ని పంపించే బంధువులు మాత్రం మీ ఇంటిపేరు చెప్పరు. "ఇదిగో నిరుటి కటాఫ్" అంటారు, అంతే. మా తమ్ముడు ఒకటి పంపాడు. మా ఆడపడుచు ఇంకొకటి పంపింది. ఒకే కాలేజీ, ఒకే బ్రాంచి, మధ్యలో నాలుగు వేల తేడా. ఇద్దరూ ప్రమాణం చేసి చెప్పారు.

మీ చుట్టుపక్కలవాళ్ల గురించి ఎక్కువ రాయను. సీఎస్‌ఎం, సీఎస్‌డీ, సీఎస్‌సీ, సీఎస్‌ఓ అని ఒకే కంప్యూటర్ సైన్స్‌కు నాలుగు వేషాలు కట్టినవాళ్లకు ఒక నమస్కారం. "మేడమ్, మీ పాప ర్యాంకుకు మంచి కాలేజీ చూపిస్తాం" అని, మేము ఎవరికీ ఇవ్వని నంబరుకు రోజుకు ఆరుసార్లు ఫోను చేసే కన్సల్టెన్సీ అమ్మాయికి రెండు నమస్కారాలు. "మా వాడికి ఇంతకంటే పెద్ద ర్యాంకుకే వచ్చింది" అనే ఎదురింటావిడకు దూరం నుంచే ఒకటి. వీళ్లెవరితోనూ నాకు పంచాయితీ లేదు. నా పంచాయితీ మీతోనే.

జూన్‌లో నాలుగు కాలేజీలు చూడటానికి వెళ్లాం. మొదటి మూడూ అద్దాల మేడలు. ఒకదానిలో మాకు జ్యూస్ కూడా ఇచ్చారు. నాలుగోది పాతది. గోడలకు సున్నం పెచ్చులూడుతోంది, మెట్ల దగ్గర ఒక కుక్క పడుకుని ఉంది, ఆఫీసులో మమ్మల్ని పట్టించుకున్నవాళ్లు లేరు. నేను తిరుగుముఖం పట్టాను. వెనక్కి చూస్తే మా అమ్మాయి లేదు. వరండా చివర తలుపు తీసి ఉన్న ఒక ల్యాబ్ దగ్గర నిలబడింది. లోపల ఒక సీనియర్ అమ్మాయి చున్నీ నడుముకు చుట్టుకుని, సర్క్యూట్ బోర్డు మీద సోల్డరింగ్ చేస్తోంది. సన్నగా పొగ లేస్తోంది. ఆ పొగ వంక మా అమ్మాయి పది నిమిషాలు చూసింది. పరాయి ల్యాబ్ గుమ్మంలో నిలబడి అంతసేపు చూస్తుంటే ఎవరైనా ఏమనుకుంటారోనని నేనే బయటికి లాక్కొచ్చాను.

ఇంటికి వచ్చాక ఒకే ఒక్క మాట అంది. "అక్కడ ఈసీఈ పెట్టు." ఈసీఈ అంటే ఎలక్ట్రానిక్స్ బ్రాంచి. ఈ రెండు నెలల్లో ఆమె నోటి నుంచి వచ్చిన ఏకైక అభిప్రాయం అది. మిగతావన్నీ "ఏదో ఒకటి", "నీ ఇష్టం", "అన్నీ ఒకటే కదమ్మా".

పెట్టాను. ఆ తరువాత మీ దగ్గరికి వచ్చాను. మా గర్ల్స్ గడిలో మీరు 12,870 అని కూర్చుని ఉన్నారు. మా ర్యాంకు 14,612. ఎర్ర సిరా.

"రాని దాన్ని పైన పెట్టుకుని ఏం లాభం? జాబితా నీటుగా ఉండాలి" అని తమ్ముడు అన్నాడు. వాడు ఎవరి దగ్గర విన్నాడో, ఆ ఎవరు ఇంకెవరి దగ్గర విన్నారో, రానివి పెడితే కంప్యూటర్‌కు కోపం వస్తుందన్నట్టు చెప్పాడు. గడువు ముగియడానికి ముందు రాత్రి ఆ ఆప్షన్ తీసేశాను. అరవై నాలుగు ఆప్షన్లు అరవై మూడు అయ్యాయి. మా అమ్మాయి గదిలో ఉంది, నిద్రపోలేదు. లేపి చెప్పాల్సిన పని కూడా లేదు, పిలిస్తే చాలు. పిలవలేదు.

నిన్న సీట్లు వచ్చిన గంటకు ఆమె స్నేహితురాలు ఫోను చేసింది. మా కేటగిరీయే, ర్యాంకు 15,204. అదే కాలేజీ, అదే ఈసీఈ, మొదటి విడతలోనే. "దానికి వచ్చిందమ్మా" అని మా అమ్మాయి మామూలుగానే చెప్పింది. ఫోను చార్జింగ్‌కు పెట్టి, వెళ్లి పళ్లు తోముకుంది. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. ఆ బ్రష్షు చప్పుడు మాత్రం వినలేకపోయాను.

ఇక మీరూ గారూ అనడం నా వల్ల కాదు.

నువ్వు ఎవరివి? నిరుడు ఆ గడిలో ఆఖరున సీటు దొరికిన ఒక పిల్ల ర్యాంకువి. అంతకు మించి ఏమీ కాదు. ఆ పిల్ల ఎందుకు ఆ కాలేజీ పెట్టుకుందో, ఆమె వెనక ఎంతమంది పెట్టుకోకుండా ఉన్నారో నీలో ఎక్కడా ఉండదు. ఇంజినీరింగ్ బ్రాంచిలో ఇన్ని సీట్లే అన్న గరిష్ఠ పరిమితిని, కాలేజీలకు అనుమతులిచ్చే ఏఐసీటీఈ 2024-25 నుంచి ఎత్తేసింది. పెద్ద కాలేజీల్లో కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు పుట్టుకొస్తే, ఈసీఈకి రావాల్సినవాళ్లు అటు ఎగబడతారు, ఇక్కడ ఆఖరి ర్యాంకు తోకలా కిందికి జారుతుంది. ఆ మాట నువ్వు చెప్పావా? 2025లో తెలంగాణలో ఎస్సీ కోటాను మూడు గ్రూపులు చేశారు. మా ఆయన ఆఫీసులో ఒకాయన కూతురి కోసం పాత పట్టిక పట్టుకుని కూర్చున్నాడు. అందులో ఆ గ్రూపుల గడులే లేవు. లేని గడిలో ఏం వెతకాలని అడిగితే నీ దగ్గర జవాబుందా?

అసలు కడుపు మండేది ఇక్కడ. సీట్లు కేటాయించే ఆ కంప్యూటర్‌కు నువ్వెవరో తెలియదు. ర్యాంకు వరుసలో ఒక్కొక్కరినీ తీసుకుంటుంది. ఆ పిల్ల రాసుకున్న మొదటి ఆప్షన్ చూస్తుంది, అక్కడ ఆ పిల్లకు చెందే సీటు ఖాళీగా ఉంటే ఇచ్చేస్తుంది, లేకపోతే రెండోది చూస్తుంది. అంతే దాని పని. రాని కాలేజీ పైన పెట్టినందుకు ఒక్క ర్యాంకు కోత లేదు, ఒక్క రూపాయి జరిమానా లేదు. ఎన్ని ఆప్షన్లయినా పెట్టుకోవచ్చు. ఈ లెక్కలో ఏ మూలా నువ్వు లేవు. నీ మాట వినేది మేమే. నీకు మూడు రంగుల సిరాతో పూజలు చేసేది మేమే. మా పిల్ల అడిగిన ఒకే ఒక్కదాన్ని నీ పాదాల దగ్గర పెట్టి, మేకను బలిచ్చినట్టు ఇచ్చేసింది నేనే.

అదీ సంగతి. "నేనే" అని రాసేశాను. కొట్టివేయను, ఉండనీ.

రాత్రి నిద్ర పట్టక లేచి నోట్‌బుక్ చించేద్దామనుకున్నాను. అట్ట దగ్గర పట్టుకున్నాను కూడా. నూట తొంభై రెండు పేజీలు, ఇంకా సగం ఖాళీ. మనసొప్పలేదు. ఆ ఎర్ర గీత ఉన్న పేజీ తీసి చాలాసేపు చూశాను. 12,870 పక్కన, ఎప్పుడు రాసిందో, పెన్సిలుతో మా అమ్మాయి చిన్న అక్షరాలు: "అయినా ఉంచు". ఇన్నాళ్లూ నాకు కనిపించలేదు. నీ అంకె మీదే నా చూపంతా.

ఇంకో విడత ఉంది. ఆప్షన్లు మళ్లీ మొదటి నుంచి పెట్టుకోవాలి, పాతవి చెల్లవు. కొత్త ఆప్షన్ ఏదైనా వస్తే ఇప్పుడు చేతిలో ఉన్న సీటు దానంతట అదే పోతుంది కాబట్టి, నిజంగా కావలసినవే పెట్టాలి. ఆ స్నేహితురాలు వదిలితేనో, ఇంకెవరో ఎన్ఐటీకి వెళ్తేనో ఒక సీటు మిగలవచ్చు, మిగలకపోవచ్చు. ఈసారి మౌస్ మా అమ్మాయి చేతిలో ఉంది. నేను పక్కన కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాను. నోట్‌బుక్ వంటింట్లో, పప్పుల డబ్బాల వెనక దాచాను.

ఆమె ఒకటో నంబరు పెట్టింది. ఆ పాత కాలేజీ, ఈసీఈ. రెండో దాని దగ్గర ఆగి, నా వైపు తిరగకుండానే అడిగింది.

"అమ్మా, ఇది నిరుడు ఎంత దగ్గర ఆగింది?"

చూడకుండానే చెప్పాను. నువ్వు నాకు నోటికి వచ్చు.

ఇట్లు,
భవదీయురాలు
ఒక ర్యాంకు తల్లి