గెలిస్తే విడిపోతాం, అందుకే ఓడాం

ఊరి క్రికెట్ జట్టు గత ఆదివారం 38 పరుగులకే ఆలౌట్ అయిందన్న వార్తను కొందరు నవ్వుకుంటూ పదిమందికీ చెప్పుకుంటున్నారు. ఇది బాధ్యత లేని పని. ముందు అంకెలు చూద్దాం. టెస్ట్ క్రికెట్‌లో అత్యల్ప స్కోరు 26. 1955లో ఆక్లాండ్‌లో ఇంగ్లండ్ మీద న్యూజిలాండ్ చేసింది. 2025లో కింగ్‌స్టన్‌లో ఆస్ట్రేలియా మీద వెస్టిండీస్ 27 చేసింది, అందులో ఏడుగురివి గుండు సున్నాలు. 2020 డిసెంబరులో అడిలైడ్‌లో భారత జట్టు 36 దగ్గర ఆగిపోయింది, ఒక్క బ్యాట్స్‌మన్ కూడా రెండంకెలు చూడలేదు. ఈ మూడు జట్లనూ దాటుకుని 38 చేసినవాళ్లను చూసి నవ్వేవారికి చరిత్ర తెలియదనే అనుకోవాలి. వాళ్లు ఆడింది ప్రపంచ స్థాయి బౌలింగ్ మీద కదా అని ఎవరైనా అడ్డు రావచ్చు. నిజమే. కానీ వాళ్ల దగ్గర ప్రపంచ స్థాయి బ్యాటింగ్ కూడా ఉంది. మనవాళ్లకు ఆ సౌకర్యం లేదు.

ఆ 38లో 17 ఎక్స్‌ట్రాలేనని, అంటే వైడ్లు, నోబాల్స్ లాంటివాటి వల్ల ఎవరి ఖాతాలోనూ పడకుండా వచ్చిన పరుగులేనని మరో ఎత్తిపొడుపు. దీనికీ పూర్వ సంప్రదాయం ఉంది. 1924లో బర్మింగ్‌హామ్‌లో దక్షిణాఫ్రికా 30కే ఆలౌట్ అయినప్పుడు, అందరికంటే ఎక్కువ చేసింది ఎక్స్‌ట్రాలే, 11. అసలు ఎక్స్‌ట్రాస్ అనే ఆటగాడి గుణగణాలు గమనించారా? ఏ మ్యాచ్‌కీ ఆలస్యంగా రాడు. ఓపెనింగ్ నాకే కావాలని అలగడు. బ్యాట్ నాది, నేను ఔటైతే బ్యాట్ కూడా నాతోనే వస్తుందనడు. ఔటిచ్చిన అంపైర్‌ని తిట్టడు, ఎందుకంటే అసలు ఔటే కాడు. జెర్సీ వెనక పేరు అడగడు. వచ్చే మ్యాచ్‌కి అతన్నే కెప్టెన్ చేయాలని ఈ వ్యాసకర్త గట్టిగా సిఫార్సు చేస్తున్నాడు.

ఇక అసలు విషయానికి వద్దాం. టీమ్ స్పిరిట్ ఉంటే గెలుస్తామని అందరూ అంటారు. జాగ్రత్తగా పరిశీలిస్తే వ్యవహారం తలకిందులుగా ఉంది. ఓడితేనే టీమ్ స్పిరిట్ పుడుతుంది.

మ్యాచ్‌కి ముందు వారం సంగతి తీసుకోండి. అప్పటికి మనది పదకొండు మంది ఉన్న జట్టు కాదు, పదకొండు జట్లు. అందరూ ఓపెనర్లే. బౌలింగ్ మాత్రం అందరూ ఆఖరి ఓవర్ వేస్తారు, మొదటి ఓవర్ ఎవరూ వేయరు. ఫీల్డింగ్ ఎక్కడ చేస్తావంటే పదకొండు మందీ స్లిప్ అన్నారు, అక్కడైతే పరిగెత్తే పని ఉండదని. ప్రాక్టీస్ ప్రస్తావన రాలేదు. ఆ టైమంతా జెర్సీకే పోయింది. రంగు మీద రాత్రింబవళ్లు చర్చించి, చివరికి ఎవరికీ నచ్చని రంగును ఏకగ్రీవంగా ఖాయం చేశారు. నంబర్ల దగ్గర మళ్లీ గొడవ. 7 నంబర్ నలుగురు అడిగారు, 18 ముగ్గురు అడిగారు. ఎవరి మనసూ నొప్పించకూడదని అడిగినవాళ్లందరికీ అడిగిన నంబరే ఇచ్చేశారు. దీంతో స్కోరర్ పరిస్థితి దయనీయంగా తయారైంది. '7 ఔట్' అని రాసుకున్న పది నిమిషాలకే 7 మళ్లీ వచ్చి గార్డ్ తీసుకుంటున్నాడు. జెర్సీలు కుట్టించాక బంతికి డబ్బు మిగల్లేదు. ప్రత్యర్థుల బంతితోనే ఆడాల్సి వచ్చింది. దాన్ని చాలాసార్లు బౌండరీ బయటి నుంచి తెచ్చిచ్చి రుణం తీర్చుకున్నాం.

మైదానంలో మనవాళ్ల మధ్య సఖ్యత లేదన్న ఆరోపణకు ఒక్క క్యాచ్‌ని సమాధానంగా చూపిస్తాను. ప్రత్యర్థి బ్యాట్స్‌మన్ లేపిన బంతి మిడాన్‌కీ మిడ్‌వికెట్‌కీ మధ్య ఆకాశంలోకి వెళ్లింది. అంత ఎత్తుకెళ్లిన బంతి దిగి రావడానికి చాలాసేపు పడుతుంది. ఆ వ్యవధిలో మనవాళ్లు చూపించిన సంస్కారం పాఠ్యపుస్తకాల్లో పెట్టదగింది. మిడాన్‌లో ఉన్నవాడు, "నీదే బావా" అన్నాడు. మిడ్‌వికెట్‌లో ఉన్నవాడు, "లేదు బావా, నీకే దగ్గర, నువ్వే తీసుకో" అన్నాడు. ఒకరిని పిలిస్తే రెండోవాడు చిన్నబుచ్చుకుంటాడని కెప్టెన్ ఇద్దరి పేర్లూ కలిపి అరిచాడు. వికెట్ కీపర్ ముందుగానే చప్పట్లు మొదలుపెట్టాడు. లాంగాన్‌లో ఉన్నవాడు మాత్రం ఫోన్ చూసుకుంటున్నాడు, కాబట్టి వివాదంలో తలదూర్చలేదు. బంతి సరిగ్గా ఇద్దరికీ సమాన దూరంలో పడింది. ఆస్తి పంపకాలప్పుడు అన్నదమ్ముల మధ్య ఇంత త్యాగం ఎవరైనా చూశారా? బ్యాట్స్‌మెన్ ఈలోగా మూడు పరుగులు తీశారు. త్రో కోసం మళ్లీ "నువ్వు విసురు బావా" దగ్గర మొదలవడంతో నాలుగోదీ తీశారు.

అంపైరింగ్ గురించి ఎక్కువ చెప్పను. బ్యాటింగ్ చేసే జట్టు నుంచే ఒకడు అంపైర్‌గా నిలబడతాడు గనక న్యాయానికి లోటు ఉండదు, ఎవరి న్యాయం వాళ్లకు ఉంటుంది. వికెట్‌కి తగలాల్సిన బంతిని కాలితో అడ్డుకుంటే ఔటనే ఎల్బీడబ్ల్యూని నిబంధనల్లో చేర్చింది 1774లో. ఆ కబురు ఊరి మైదానాలకు ఇంకా అందాల్సి ఉంది. థర్డ్ అంపైర్ మాత్రం మనకూ ఉన్నాడు. టీవీ రీప్లే చూసి ఇచ్చిన తొలి ఔట్ 1992లో డర్బన్‌లో సచిన్ టెండూల్కర్ రనౌట్. మన దగ్గర ఆ బాధ్యతను ఎవరో ఒకరి తమ్ముడు ఫోన్‌తో నిర్వహిస్తాడు. ఆదివారం నాటి కీలకమైన రనౌట్ వీడియోని ఇరు జట్లూ ఎన్నోసార్లు చూశాయి. అందులో స్పష్టంగా కనిపించింది తమ్ముడి బొటనవేలు ఒక్కటే. నాటౌట్ అని మనవాళ్లు, ఔట్ అని వాళ్లు, బొటనవేలు మాత్రం పైకే ఉంది.

ఓటమి ఖాయమైన మరుక్షణం జరిగిన మార్పు చూడాలి. అంతవరకూ ఒకరి ముఖం ఒకరు చూసుకోని పదకొండు మందీ బౌండరీ పక్కన గుండ్రంగా కూర్చున్నారు. మ్యాచ్‌లో ఒక్కసారి కూడా కుదరని ఫీల్డ్ సెట్టింగ్ అక్కడ దానంతటదే కుదిరింది. ఒకడు మాట విసిరితే ఇంకొకడు అందుకున్నాడు, ఒక్కటీ కింద పడనివ్వలేదు. "నాకు స్ట్రైక్ రాలేదురా" అని ఒకడంటే, "రాలేదు మరి, వస్తే కొట్టేవాడివే" అని పక్కవాడు ఊరడించాడు. స్ట్రైక్ రాకుండా చేసింది తనేనన్న సంగతి వాడికి గుర్తులేదు. ఒకే ఓవర్లో మూడు సిక్సర్లు ఇచ్చిన బౌలర్ భుజం తట్టి, "బంతి బాగానే వేశావు అన్నా, వాడే కొట్టేశాడు" అన్నారు. క్రికెట్‌లో అంతకంటే సూక్ష్మమైన విశ్లేషణ ఉండదు.

తర్వాత కారణాల వేట. మొదట పిచ్. ఆడలేక మద్దెల ఓడు అన్న సామెతను ఇక్కడ చాలామంది వాడతారు. మద్దెల నిజంగానే ఓడు అయి ఉండొచ్చని ఒక్కరూ ఆలోచించరు. పిచ్ పొడవు 22 గజాలు ఉండాలి. ఊళ్లో దాన్ని అంగలతో కొలుస్తారు. ఆదివారం కొలిచింది ప్రత్యర్థి కెప్టెన్, అతనివి పొడుగు కాళ్లు. కుట్ర ఎక్కడ మొదలైందో వేరే చెప్పనక్కర్లేదు. అదే పిచ్ మీద వాళ్లూ ఆడారు కదా అని గుర్తుచేసిన కుర్రాణ్ణి ఆ రాత్రే వాట్సాప్ గ్రూప్ నుంచి తీసేశారు. సత్యం చెప్పినందుకు కాదు, జట్టు ఐక్యతను దెబ్బతీసినందుకు. ఎండ మనవాళ్ల కళ్లలోకే కొట్టింది. గాలి వాళ్ల వైపే వీచింది. బంతి వాళ్లది కాబట్టి వాళ్ల మాటే విన్నది. టాస్ గెలవడం కూడా మనకు నష్టమే చేసింది. ఓడి ఉంటే ఆ నిర్ణయం వాళ్ల మెడకు చుట్టుకునేది.

అయినా ఏకాభిప్రాయం కుదిరింది వీటి మీద కాదు, ఆ రోజు రాని ఆటగాడి మీద. "వాడుంటే గెలిచేవాళ్లం" అని ఒకడు అనగానే పది తలలూ ఒకేసారి ఊగాయి. ఆ రాని ఆటగాడు వచ్చిన రోజుల్లో ఏం చేశాడో ఎవరూ అడగలేదు, అడగడం మర్యాద కాదు. అలా చూస్తే జట్టులో అత్యుత్తమ బ్యాట్స్‌మన్ ఎప్పుడూ రానివాడే. ఇది ఊరికే అంటున్న మాట కాదు. ఆస్ట్రేలియా దిగ్గజ బ్యాట్స్‌మన్ డాన్ బ్రాడ్‌మన్ 1948లో ఓవల్‌లో తన చివరి టెస్ట్ ఇన్నింగ్స్‌కి దిగినప్పుడు సగటు 101.39. నాలుగంటే నాలుగు పరుగులు చేస్తే వంద దగ్గర నిలిచేది. రెండో బంతికే ఎరిక్ హోలిస్ బౌల్డ్ చేశాడు, సగటు 99.94 దగ్గర శాశ్వతంగా ఆగిపోయింది. పాపం, ఆయన చేసిన తప్పల్లా ఆ రోజు మైదానానికి రావడమే. మన రాని ఆటగాడు ఆ పొరపాటు చేయడు.

కెప్టెన్ విషయంలో కాస్త కఠినంగా మాట్లాడక తప్పదు. ఆయన్ని కెప్టెన్‌గా ఎంచుకున్నది కిట్ ఆయనది కాబట్టి. అది సహేతుకమైన ప్రాతిపదికే. కానీ ఓటమి తర్వాత, "బాధ్యత పూర్తిగా నాదే" అని ఒక మాట అనేశాడు. ఎంత అనాలోచితం! బాధ్యత ఒక్కడి మీద పడితే మిగతా పదిమంది దేని గురించి మాట్లాడుకోవాలి? వారం రోజుల చర్చకు సరిపడే ముడిసరుకును ఒక్క వాక్యంతో పాడుచేయబోయాడు. అదృష్టవశాత్తూ ఎవరూ ఒప్పుకోలేదు. "నీ తప్పేం లేదన్నా" అని గట్టిగా వారించి, ఆయన లేని ఇంకో గ్రూప్ తెరిచి చర్చ కొనసాగించారు.

ఓటమికి విలువ కట్టడం క్రికెట్ పుట్టిన దేశానికి బాగా తెలుసు. 1882లో ఓవల్‌లో ఇంగ్లండ్ ఏడు పరుగుల తేడాతో ఆస్ట్రేలియా చేతిలో ఓడితే, స్పోర్టింగ్ టైమ్స్ పత్రిక ఇంగ్లిష్ క్రికెట్ చనిపోయిందని సంతాప ప్రకటన వేసింది. దేహాన్ని దహనం చేసి బూడిదను ఆస్ట్రేలియాకు తీసుకెళ్తారని కూడా రాసింది. ఆ ఎగతాళి నుంచే యాషెస్ (అంటే బూడిదే) సిరీస్ పుట్టింది. రెండు దేశాలు ఈనాటికీ దాని పేరుతో కొట్టుకుంటున్నాయి. గెలుపు పేరు మీద అంత దీర్ఘకాలం నడిచిన సంస్థ ఏదైనా ఉందా? మనవాళ్లూ విరిగిన మిడిల్ స్టంప్‌ని దాచి ఉంచారు. అది ప్రత్యర్థి బౌలింగ్‌కి విరగలేదు, ఔటయ్యాక మన ఓపెనర్ బ్యాట్‌తో కొడితే విరిగింది. ఆ రోజు అతని బ్యాట్‌కి తగిలిన ఏకైక వస్తువు అదే.

గ్రూప్‌లో అన్నిటికంటే ఎక్కువ తిరిగిన సందేశం అడిలైడ్ గురించి. 36కి ఆలౌటైన భారత జట్టే ఆ సిరీస్‌ని 2-1తో గెలిచింది కదా, మనం ఎందుకు గెలవలేమని. ఉత్సాహపరిచే పోలికే. అయితే ఆ 36కీ, 2021 జనవరి 19న బ్రిస్బేన్‌లో వచ్చిన గెలుపుకీ మధ్య ఒక నెల ఉంది. కెప్టెన్ కోహ్లీ ఇంటికి వెళ్లిపోయాడు, రహానే పగ్గాలు పట్టాడు, దెబ్బలు తగిలి ఒక్కొక్కరే పడిపోతుంటే కొత్త కుర్రాళ్లు వచ్చి బంతి అందుకున్నారు, సిడ్నీలో ఒళ్లంతా కమిలిపోయేలా బంతులు తగిలించుకుని మ్యాచ్ డ్రా చేశారు. ఆ నెల సంగతి సందేశంలో లేదు. 36 దగ్గర మనకూ వాళ్లకూ పోలిక చక్కగా కుదిరింది, 2-1 దగ్గర కూడా కుదురుతుందని నమ్ముతున్నారు, మధ్యలోది మాత్రం ఫార్వర్డ్ చేసేటప్పుడు ఎక్కడో జారిపోయింది. ప్రాక్టీస్ ఎప్పుడు పెట్టుకుందామని ఎవరో అడిగారు. రెండు నీలం టిక్కులు పడ్డాయి.

ఈ వాదనంతా అతిశయోక్తి అనిపిస్తే గెలిచిన జట్టు ఏమైందో చూడండి. కప్పు ఎవరింట్లో ఉండాలన్న ప్రశ్న బహుమతి ప్రదానం దగ్గరే తలెత్తింది. కెప్టెన్‌ని కాబట్టి నా ఇంట్లో అని ఒకడు, ఎక్కువ పరుగులు చేశాను కాబట్టి నా ఇంట్లో అని ఒకడు. ఎంట్రీ ఫీజు కట్టినవాడు ఏమీ మాట్లాడకుండా రసీదు బయటికి తీశాడు. మ్యాన్ ఆఫ్ ద మ్యాచ్ అందుకున్నవాణ్ణి గ్రూప్ ఫొటోలోంచి కత్తిరించి స్టేటస్ పెట్టారు. బుధవారానికల్లా ఆ జట్టు రెండుగా చీలింది. కప్పు ఒక జట్టు దగ్గర ఉంది, దాని మూత ఇంకో జట్టు దగ్గర ఉంది.

కప్పు జట్టుకీ మూత జట్టుకీ ఇప్పుడు అర్జెంటుగా ఒక గెలుపు కావాలి. అందుకని ఇద్దరూ వచ్చే ఆదివారానికి మనవాళ్లనే మ్యాచ్ అడిగారు. మనవాళ్లు పెద్దమనసుతో ఇద్దరికీ సరేనన్నారు, పొద్దున ఒకరితో, సాయంత్రం ఒకరితో. ఐకమత్యానికి ఇంతకంటే మంచి అవకాశం రాదు. ఒక్కటే టెన్షన్, ఈసారి ఆ రాని ఆటగాడు తప్పకుండా వస్తానంటున్నాడట. అతన్ని ఎలా ఆపాలన్న దాని మీద గ్రూప్‌లో చర్చ నడుస్తోంది.