సెంటు రేటు గారికి

అయ్యా,

మీ క్షేమం అడగక్కర్లేదు. కడపలో వానలు పడినా పడకున్నా మీరు మాత్రం పెరుగుతూనే ఉన్నారు.

మా వీధిలో పాత మిద్దె అమ్మకానికొచ్చింది. చూడ్డానికొచ్చిన బ్రోకర్ తలెత్తి దూలాల వంక కూడా చూడలేదు. టేపుతో రోడ్డు ముఖం కొలిచి, "ఇంటికేం లేదన్నా, జాగాకే రేటు" అన్నాడు. మీ శిష్యుడే కదా!

ఆ ఏమీ లేని ఇంట్లో నాపరాతి అరుగు ఉంది. టేకు గుంజలు, దూలాల మీద దంతెలు, పైన చవుడు మన్ను. కరెంటు పోయినా, వెలుతురు కోసం మిద్దెలో వదిలిన గవాక్షి కింద కూర్చుని బియ్యం ఏరుకోవచ్చు. మే నెలలో కూడా లోపల ఏసీ ఊసెత్తరు. ఏటా వానలకు ముందు కొత్త చవుడు పోయించాలి, అంతే. వాటాదారులు ఏడుగురు, ఊళ్లో ఉన్నది ఒక్కరు. ఆ ఖర్చు ఎవరిదో తేలేలోపు ఓ మూల కురవడం మొదలైంది. వాళ్లనూ ఏమనలేం.

మీకు పక్షపాతం లేదని మాత్రం ఒప్పుకోవాలి. సీపీ బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికొచ్చి, తర్వాత ఇక్కడే బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్రాలకు ప్రతులు రాయించాడు. ఆ బంగళాకు చివరికి మిగిలినవి మొండిగోడలు. కడప రచయిత జానుమద్ది హనుమచ్ఛాస్త్రి పట్టుబట్టి అక్కడ గ్రంథాలయం లేపకపోతే, ఆ జాగా కూడా మీ ఖాతాలోకే వచ్చేదేమో. తెలుగు నిఘంటువు రాసినాయన ఇంటికే దిక్కు లేనప్పుడు మా వీధి మిద్దె ఎంత?

చట్టం లేదా అంటే, ఉంది. 1958 నాటి కేంద్ర చట్టం నూరేళ్లు దాటిన, జాతీయ ప్రాముఖ్యం ఉన్న కట్టడాలను కాపాడమంటుంది. గండికోటకూ సిద్ధవటం కోటకూ ఆ రక్షిత కట్టడం బోర్డు పడింది. నూరేళ్ల మిద్దెకు పడే బోర్డు వేరు: "ఈ స్థలం అమ్మబడును, మధ్యవర్తులు వద్దు".

గుమ్మం మాత్రం మీకు పనికిరాకున్నా బెంగళూరు లారీ ఎక్కింది. రేపు ఏదో రిసార్టులో దానికి లైట్లు పెట్టి "హెరిటేజ్" అంటారు. మన పిల్లలే రూము అద్దె కట్టి దాని పక్కన ఫొటో దిగుతారు.

ఒక్క మనవి. ఇకమీదట లెక్క కట్టేటప్పుడు జాగాతో పాటు ఇంటికీ ఓ గడి పెట్టండి: ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, గుంజలెన్ని. నిలబెట్టుకున్నవాళ్లకు ఇంటి పన్ను కాస్త తగ్గించమని మున్సిపాలిటీకి మీరే చెప్పండి, చవుడు ఖర్చయినా వస్తుంది. మా అర్జీలు అక్కడ కదలవు, మీ మాట కదులుతుంది.

జవాబు బ్రోకర్‌తో పంపండి చాలు. ఎలాగూ రోజూ వస్తున్నాడు, ఇప్పుడు మా గోడ కొలుస్తున్నాడు.

ఇట్లు,
ఇంకా అమ్ముడుపోని పక్కింటివాడు